జాంజిబారు తీరమున కోతి గుండె



కోతి, మొసలి కథ ఎరుగని తెలుగు బిడ్డ అరుదు. నేరేడు చెట్టుమీది కోతి, క్రింది నీటిలోని మొసలి, ఆ మొసలికి ఆశపోతు భార్య, నడినీట బయటపడిన దురాలోచన, "గుండెను చెట్టు తొఱ్ఱలో మఱచి వచ్చితిని" అన్న కోతి సమయస్ఫూర్తి, ఇవి అన్నియు మీరు బడిలో అడుగిడక మునుపే అమ్మమ్మ ప్రక్కన పరుండి వినియుందురు. కనుక ఆ కథను ఇచట మఱల చెప్పబోను. అదే కథ సముద్రము దాటి, ఆఫ్రికా ఖండపు తూర్పు తీరమును చేరి, అచ్చటి తాతలనోట అచ్చటి పిల్లలకు ఏ రూపమున వినవచ్చెనో దానిని చెప్పెదను.

ఈ కథను నేను మొదట చెప్పినది సుమారు 30 ఏండ్ల క్రిందట, కంకిపాడు ప్రాంతమున నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో, ఎనిమిదవ తరగతి పిల్లలకు. ఆనాడు ఆ తరగతిలో ఒక సంగతి జరిగినది. అందు నా పొరపాటు కొంత కలదు. దానిని దాని చోటున చెప్పెదను.

ఆఫ్రికా తూర్పు తీరమునకు కొద్ది దూరమున, హిందూ మహాసముద్రములో, జాంజిబారు అను ద్వీపము కలదు. నేడు అది టాంజానియా దేశములోని భాగము. లవంగములకు ప్రసిద్ధి కెక్కిన నేల. అచ్చటి భాష స్వాహిలి. అరబ్బీలో 'తీరములు' అను అర్థము గల మాటనుండి ఆ పేరు వచ్చినది. పేరునకు తగినట్లే అది ఓడరేవుల భాష. నవంబరు, డిసెంబరు మాసములు మొదలు మార్చి వరకు అచ్చట ఈశాన్యపు గాలి వీచును. దానిని వారు 'కస్కాజి' అందురు. అరేబియా నుండియు, కచ్చి, గుజరాతు తీరముల నుండియు తెరచాప ఓడలు ఆ గాలిలో జాంజిబారు చేరెడివి. తిరిగి పోవలెనన్నచో గాలి తిరుగవలెను. ఏప్రిలు దాటిన పిమ్మట 'కుసి' అను దక్షిణపు గాలి లేచువరకు నావికులు రేవులోనే నెలల తరబడి వేచియుండెడివారు. పనిలేని మనుష్యులు, చల్లని రాత్రులు, ఇసుక తిన్నెలు! కథలు చెప్పుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

1864లో ఎడ్వర్డు స్టీరు అను ఆంగ్ల మతబోధకుడు ఆ ద్వీపమున అడుగిడెను. ఆయన స్వాహిలి భాష నేర్చుకొని, ఆ దేశీయులు చెప్పిన కథలను చెప్పినవి చెప్పినట్లే వ్రాసికొని, 1870లో లండనులో అచ్చు వేయించెను. ఒక ప్రక్క స్వాహిలి మూలము, దాని ఎదుటి పుటలో ఆంగ్లానువాదము. అందులో చాకలివాని గాడిద కథ ఒకటి. దానిని తెరచినచో మనకు మొదట కనబడునది గాడిద కాదు, కోతి!

ఇక కథ వినుడు.

సముద్రపు ఒడ్డున ఒక మహావృక్షము కలదు. దాని పేరు మ్కూయు. అది మన మేడిచెట్టునకు దగ్గఱి చుట్టము. కాయలు గుత్తులు గుత్తులుగా కాయును. దాని కొమ్మలు సగము నేలమీదికి, సగము నీటిమీదికి వంగియుండెను. ఆ చెట్టుపై ఒక కోతి కాపురముండెను. కోతిని వారి భాషలో 'కీమ' అందురు. ప్రతిదినము ప్రొద్దుటనే కోతి పండ్లు తినుచుండగా, క్రింద నీటిలో ఒక సొరచేప తల యెత్తెడిది. సొరచేపకు వారి మాట 'పాప'. "మిత్రమా! నాకును కొన్ని పండ్లు వేయుము" అని అది అడుగును, కోతి విసరును. సొరచేప పండ్లు తినునా అని మీరు నన్ను అడుగవలదు. మన మొసలి నేరేడు పండ్లు తినినప్పుడు మీరు అడిగితిరా?

ఇట్లు నెలలు గడచెను. ఒకనాడు సొరచేప, "కీమా! నీవు నాకు ఎంతో ఉపకారము చేసితివి. ఒకసారి మా యింటికి వచ్చితివేని, నీ ఋణము కొంత తీర్చుకొందును" అనెను.

"నేను నేలమీద తిరుగు జంతువును. నీటిలో ఎట్లు రాగలను?"

"నా వీపుమీద కూర్చుండుము. ఒక్క చుక్క నీరైన నిన్ను తాకదు."

కోతి నమ్మెను. చెట్టు దిగి సొరచేప వీపు నెక్కెను. ఒడ్డు సన్నని గీతవలె దూరమాయెను. నడిసముద్రమునకు వచ్చిన పిమ్మట సొరచేప ఈదుట మానెను. కొంతసేపు ఊరకుండి, "నీవు నా స్నేహితుడవు, నీతో నిజము చెప్పెదను. మా సుల్తానునకు వ్యాధి ముదిరినది. కోతి గుండె తప్ప వేఱు మందు లేదని చెప్పిరి" అనెను.

పిల్లలారా, ఇచట ఒక్క నిముసము ఆగుదము. మన పంచతంత్రములో కోతి గుండెను కోరినది మొసలి భార్య. మగడు ఒడ్డున ఎక్కువసేపు గడపుచున్నాడను అసూయచే ఆమె అట్లు కోరినది. జాంజిబారు కథకుడు ఆ భార్యను పూర్తిగా తీసివేసి, ఆమె చోట సుల్తానును నిలిపెను. 19వ శతాబ్దమున ఆ ద్వీపమును ఒమాను వంశపు సుల్తానులు పాలించుచుండిరి. 1964 విప్లవముతో ఆ పాలన ముగిసినది. కథ వినువారికి సుల్తాను అననేమో, ఆయన ఆజ్ఞ అననేమో బాగుగ తెలియును. ఈ ఒక్క మార్పుతో సొరచేప పాత్ర యెంత మాఱినదో చూడుడు. మొసలి ఇంటిపోరు పడలేక స్నేహితుని మోసగించినది. సొరచేపకు ఒక వైపున ప్రభువు ఆజ్ఞ, ఒక వైపున నెలల తరబడి తిన్న పండ్లు. అది రెంటికిని కట్టుబడలేక, రెంటిని విడువలేక, నడిసముద్రమున నోరు విప్పినది. నామటుకు నాకు ఈ మార్పే బాగున్నది. భార్య మీదికి నేరము త్రోయుట మన కథలలో ఒకింత అలవాటుగా మాఱినదని చెప్పక తప్పదు.

కోతి లోలోపల వణకినది. కాని పైకి, "అయ్యో! ఎంత తెలివితక్కువ పని చేసితివి! ఒడ్డుననే చెప్పకూడదా?" అనెను.

"ఏమి? చెప్పినచో ఏమి చేసియుందువు?"

"గుండెను వెంట తెచ్చియుందును. మా సంగతి నీకు తెలియదా? మేము బయటికి పోవునపుడు గుండెలను చెట్టుననే ఉంచి, వట్టి దేహముతో తిరుగుదుము. నమ్మకున్నచో పోదము పద. నన్ను చంపినను నీకు గుండె దొరకదు."

సొరచేప వెనుకకు తిరిగెను. తీరము రాగానే కోతి ఒక్క గంతున చెట్టెక్కి, చిటారుకొమ్మన కూర్చుండి, కిక్కురుమనలేదు. సొరచేప పిలిచెను. కోతి పలుకలేదు. మఱల పిలిచెను. అప్పుడు కోతి, "ఎక్కడికి రమ్మందువు?" అని అడిగెను.

"మా యింటికి."

"నన్ను చాకలివాని గాడిద అనుకొంటివా?"

"చాకలివాని గాడిద యేమి?"

"గుండెయు లేనిది, చెవులును లేనిది" అని కోతి ఆ కథ చెప్పసాగెను.

ఒక రజకుని వద్ద ఒక గాడిద ఉండెను. ఒకనాడు అది తప్పించుకొని అడవికి పోయెను. పని లేదు, మోత లేదు. మేత మాత్రము కావలసినంత. కొద్దికాలములో అది నిగనిగలాడుచు బలిసినది. ఆ దారిని పోవుచున్న కుందేలు దానిని చూచి నోరూరించుకొనెను. కాని కుందేలు గాడిదను ఏమి చేయగలదు? అది సింహము వద్దకు పోయెను. సింహము జబ్బుపడి లేచి, వేటాడ శక్తి లేక, గుహలో పడియున్నది. "నీవు కదలనక్కఱలేదు. రేపు ఇంత మాంసమును ఇచటికే నడపించుకొని వచ్చెదను" అని కుందేలు మాట ఇచ్చెను.

మఱునాడు కుందేలు గాడిద వద్దకు పోయి, మిక్కిలి వినయముతో, "అమ్మా! నిన్ను పెండ్లికి అడిగి రమ్మని నన్ను పంపిరి" అనెను. పంపినవాడు సింహమని విని గాడిద ఉబ్బి తబ్బిబ్బై వెంట నడచెను. గుహలో అడుగిడగానే సింహము మీదికి దూకెను. కాని దానికి బలము చాలలేదు. గాడిద తన్నులు తన్ని, గీతలతో బయటపడి, అడవిలోనికి పాఱిపోయెను.

కొన్ని దినములు గడచెను. సింహమునకు కొంత బలము వచ్చెను. కుందేలు మఱల బయలుదేఱెను. "ఏమమ్మా! అట్లు పాఱిపోయితివి? సింహము నిన్ను ఆదరించుటకు లేచినాడు. పాపము, అప్పటినుండి నీకై ఎదురుచూచుచున్నాడు" అనెను. గాడిద, "ఓహో, అట్లా!" అని మఱల నడచెను. ఈసారి సింహము గుఱి తప్పలేదు.

"మాంసమును నీవు కాల్చి తినుము. నాకు గుండెయు చెవులును మాత్రము ఉంచుము" అని సింహము పలికెను. కుందేలు ఏకాంతమున మాంసము కాల్చి, గుండెను, చెవులను తానే తినివేసి, తక్కిన మాంసమును దాచుకొనెను. సింహము వచ్చి, "నా గుండె యేది? చెవులు ఏవి?" అని గర్జించెను. కుందేలు తొణకలేదు. "ప్రభూ! ఇది చాకలివాని గాడిద. గుండెయు చెవులును ఉన్నదే యైనచో, ఒకసారి నీ పంజాదెబ్బ తిని తప్పించుకొన్నది రెండవసారి తన కాళ్లతో తాను నీ యింటికి వచ్చునా?"

సింహము ఆలోచించి, అది నిజమే యనెను.

"విన్నావు గదా" అని కోతి చెట్టుమీదినుండి సొరచేపతో అనెను. "నన్ను గాడిదగా చేయజూచుచున్నావు. పోయి రమ్ము. మన స్నేహము ఇంతటితో సరి."

కథ ఇది. నేను ఈ మాటవఱకు వచ్చునప్పటికి ఆనాటి తరగతి అంతయు పకపక నవ్వుచుండెను. నేనును నవ్వితిని. అప్పుడు మూడవ వరుసలోని ఒకడు, ప్రక్కన కూర్చున్న పిల్లవానివైపు చూపి, "మాస్టారూ, వీరి యింట నాలుగు గాడిదలు ఉన్నవండీ" అనెను. నవ్వు రెట్టింపాయెను. ఆ పిల్లవాని తండ్రి కాలువగట్టున చాకిరేవు నడుపువాడు. పిల్లవాడు తల వంచుకొనెను. నేను నవ్వును వెంటనే ఆపవలసినది. ఆపలేదు. నా చేత నున్న పుస్తకమును మూయుటలో ఏదో తీరికలేనట్లు మెలగితిని. ఇంతకు మునుపు చెప్పిన పొరపాటు ఇదియే.

ఆ పిల్లవాడే లేచి నిలుచుండెను. "మాస్టారూ, ఆ కుందేలు చెప్పినది అబద్ధమండీ" అనెను. వాని మాటలను పుస్తకభాషలోనికి మార్చినది నేను. భావము మాత్రము వానిదే. "గాడిదకు బుద్ధి లేక కాదండీ మరల పోయినది. గాడిదకు దారి ఒకసారి చూపిన చాలును. మా నాన్న మూటలు కట్టి వీపుమీద వేయును. తోలువాడు లేకయే అది రేవునకు పోవును. ఒకసారి పోయిన చోటికి మఱల పోవుటయే దాని పని. దెబ్బలు తిన్న చోటికి కూడ పోవును. దెబ్బలు లేని చోటు దానికి తెలియదు గదండీ."

తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. నేను "కూర్చుండుము నాయనా" అంటిని. అంతకంటె ఏమనుటకును తోచలేదు. పండిత పరీక్షకు చదువునప్పుడు ఈ గాడిద కథను సంస్కృతమున చదివితిని. ఎన్నో ఏండ్లు పాఠము చెప్పితిని. గాడిద వైపునుండి ఆలోచించవలెనని ఎన్నడును నాకు తట్టలేదు.

తేఱుకొనుటకు కొంత సమయము కావలసివచ్చెను. ఇంతలో వెనుక వరుసనుండి మఱియొక ప్రశ్న వచ్చెను. "మాస్టారూ, ఇది మన కథయే గదా! వారు మననుండి దొంగిలించిరా?"

దొంగతనమను మాట కథల విషయమున చెల్లదు. కాని ప్రశ్న మంచిది. పంచతంత్రములోని నాలుగవ తంత్రమునకు లబ్ధనాశమని పేరు. చేతికి వచ్చినది చేజాఱుట అని అర్థము. ఆ తంత్రమంతటికిని ఆధారకథ కోతి, మొసలి కథయే. కోతి పేరు రక్తముఖుడు, మొసలి పేరు కరాలముఖుడు. ఆ కథ నడుమ, కోతి నోటనే, ఈ గాడిద కథయు కలదు. అచ్చట గాడిద పేరు లంబకర్ణుడు, పిలిచికొనిపోవునది నక్క, సింహము ఏనుగుతో పోరాడి గాయపడినది. కథలో కథగా, అదే కోతి నోట, అదే గాడిద సముద్రము దాటి పోయినదన్నచో, ఇది కాకతాళీయమని ఎవ్వరును అనలేరు. మన తెలుగులో దూబగుంట నారాయణకవి పంచతంత్రమును పద్యకావ్యముగ వ్రాసెను. చిన్నయసూరి నీతిచంద్రిక మీలో కొందఱు చూచియుందురు. కాని అందు మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే కలవు. కనుక ఈ గాడిద అందు మీకు దొరకదు.

పోయిన దారి యిది. ఆఱవ శతాబ్దమున పారసీక ప్రభువగు ఖుస్రో అనూషిర్వాను కాలమున పంచతంత్రము పహ్లవీ భాషలోనికి మాఱినది. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలో 'కలీలా వ దిమ్నా' అను పేరున వ్రాసెను. అందు మొసలి పోయి తాబేలు వచ్చినది. నేరేడు పోయి అంజూరు వచ్చినది. అరబ్బులు ఓడలమీద జాంజిబారు చేరిన వారే గదా! అచ్చట తాబేలు పోయి సొరచేప వచ్చినది. అంజూరు జాతిదే యగు మ్కూయు వచ్చినది. విచిత్రమేమనగా, పంచతంత్రముతో పాటు ఈ కథ మన బౌద్ధ జాతకములలోను కలదు. అందు కోతి ఒక మేడిచెట్టును చూపి, గుత్తులుగ వ్రేలాడుచున్న ఎఱ్ఱని పండ్లే కోతుల గుండెలని మొసలిని నమ్మించును. మేడిపండును చేతబట్టి చూచినవారికి ఆ అబద్ధము ఎంత చక్కనిదో తెలియును.

నక్క కుందేలుగ మాఱుటకు కారణము ఉన్నది. మనకు జిత్తులనగానే నక్క. తూర్పు ఆఫ్రికావారికి జిత్తులనగానే కుందేలు. దానిని 'సుంగుర' అందురు. సింహమును నూతిలో పడద్రోసిన మన కుందేలునకు వారు సంతోషముగ పట్టము కట్టియుందురు.

చాకలివాని సంగతి మఱియు ముచ్చటైనది. స్వాహిలిలో రజకుని 'దోబి' అందురు. అది మన దేశపు 'ధోబీ' మాటయే. బండికి వారు 'గారి' అందురు. బీమాకు 'బిమ' అందురు. ఓడలలో బట్టలు, సుగంధద్రవ్యములు మాత్రమే పోలేదని ఈ మాటలు చెప్పుచున్నవి. అయితే ఒక హెచ్చరిక. సింహమును వారు 'సింబ' అందురు. వినగానే నా తరగతిలో ఒకడు గెంతి, "అదియు మనదే!" అని అఱచెను. కాదు. అది ఆ ఆఫ్రికా భాషాకుటుంబమునకు చెందిన సొంత మాట. చెవికి ఒకటిగ వినవచ్చినంత మాత్రమున చుట్టఱికము కలుపరాదు.

ఆ ఖండముతో తెలుగువారికి నేరుగ సంబంధము కలిగినది తరువాతి కాలమున, ఇంకను దక్షిణమున. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి పోయిన 'ట్రూరో' అను ఓడ డర్బను రేవు చేరెను. నేటాలు చెఱకుతోటలలో పనిచేయుటకు ఒప్పందముపై కూలీలుగ పోయినవారు అందు కలరు; వారిలో తెలుగువారును కలరు. వారి సంతతివారు 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. డర్బనులో పుట్టిన తెలుగు మనుమనికి సొరచేపను చూపుట సులభము.

ఆ సాయంకాలము నేను పిల్లలకు ఒక పని ఇచ్చితిని. జాంజిబారు తాత తన ఊరికి తగినట్లు కథను మార్చుకొనినట్లే, మీరును ఈ కథను కంకిపాడునకు మార్చి వ్రాసికొని రండు అంటిని. ఎక్కువమంది మొసలిని కృష్ణలో వేసి, చెట్టును ప్రకాశము బ్యారేజీ ప్రక్కన నాటిరి. ఒక బాలిక కోతిని బందరు బస్సెక్కించినది.

చాకిరేవు పిల్లవాడు కోతి జోలికి పోలేదు. గాడిద కథను మాత్రమే వ్రాసెను. విజయవాడకు వచ్చిన సర్కసునుండి ఒక ముసలి సింహము తప్పించుకొని చెఱకుతోటలో దాగినది. తోటలోని నక్క గాడిదను పిలుచుకొని వచ్చినది. మొదటిసారి గాడిద దెబ్బ తిని తప్పించుకొనెను. నక్క రెండవసారి వచ్చి పిలిచినప్పుడు గాడిద ఇట్లనెను: "వచ్చెదను. కాని ఈ మూట రేవున దింపవలెను. నీవును తోడు రమ్ము." నక్క రేవువఱకు నడచెను. రేవున మూడు కుక్కలు ఉండెను. వాటి పేర్లు కూడ వాడు వ్రాసెను. తరువాత ఆ చెఱకుతోటలో నక్క కూత వినబడలేదట. సింహమును సర్కసువారు వచ్చి బోనులో తీసికొనిపోయిరట.

పదింటికి తొమ్మిది మార్కులు వేసితిని. 'గాడిద' అని వ్రాయవలసిన ప్రతిచోటను 'మా గాడిద' అని వ్రాసినందుకు ఒక మార్కు తగ్గించితిని. ఇప్పుడైనచో తగ్గింపను.